టిక్‌టిక్కా, దడదడా?



1977లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక స్థానిక రేడియో కేంద్రం కార్ల మరమ్మతు గురించి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరు ‘కార్ టాక్’. నడిపింది టామ్, రే మాగ్లియోజీ అనే అన్నదమ్ములు. ఇద్దరూ ఎంఐటీలో చదువుకున్నారు. ఆ తర్వాత చేతులకు గ్రీజు పూసుకుని గ్యారేజీ నడిపారు. 1987 నుంచి వాళ్ల గొంతులు దేశమంతటా వినిపించాయి. 2012 వరకు కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. శ్రోతలు ఫోను చేసి తమ కారు గోడు చెప్పుకునేవారు. “శబ్దం ఎలా వస్తోంది?” అని అన్నదమ్ములు అడగడం, ఎంత పెద్దమనిషైనా సిగ్గు వదిలి ఆ శబ్దాన్ని నోటితో చేసి వినిపించడం ఆ కార్యక్రమంలో మామూలు. కారు ఎక్కడో ఉంటుంది, బోనెట్ ఎత్తి చూసే వీలు లేదు. అయినా ఆ నోటి శబ్దంతో, నాలుగైదు ప్రశ్నలతో జబ్బు ఎక్కడుందో అంచనాకు వచ్చేవారు. వాళ్లు తమకు తాము పెట్టుకున్న ముద్దుపేరు ‘క్లిక్ అండ్ క్లాక్, ద టాపెట్ బ్రదర్స్’. పాత ఇంజన్‌లో టాపెట్లు చేసే టకటకే ఆ పేరు.

నిజానికి ఈ పని తెలుగువాళ్లకు మరింత సులువు కావాలి. శబ్దాన్ని మాటగా మార్చడంలో తెలుగుకు ఉన్న సంపద అంతా ఇంతా కాదు. కిచకిచ వేరు, కీచుమనడం వేరు. గరగర వేరు, గలగల వేరు. టిక్‌టిక్ అంటే పైపైన తేలిగ్గా తగిలే శబ్దం, దడదడ అంటే లోపలి నుంచి బరువుగా వచ్చే శబ్దం. ఈ తేడా తెలుగు వచ్చిన పిల్లలక్కూడా చెప్పనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాకలోనో, హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లోనో అనుభవమున్న మెకానిక్ ముందు బండి ఆపి “ఏదో సౌండ్ వస్తోందండీ” అంటే అతనికి అందేది ఏమీ లేదు. “పొద్దున సెల్ఫ్ కొట్టగానే టిక్‌టిక్‌మంటోంది, రెండు కిలోమీటర్లు పోయాక తగ్గుతోంది” అంటే సగం పని అయినట్టే. మిగతా సగం కోసమే అతని చెవి, చేయి, స్క్రూడ్రైవర్.

కాకినాడలో రిటైరైన ఒక మాస్టారి దగ్గర 2004 మోడల్ మారుతీ 800 ఉందనుకుందాం. మన దేశంలో ఆ కారు కథ 1983 డిసెంబరు 14న మొదలైంది. మొదటి కారు తాళాలు అందజేసింది అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ. కాలుష్య నిబంధనలు మారడంతో హైదరాబాద్ సహా కొన్ని పెద్ద నగరాల్లో 2010లోనే అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అంటే ఈరోజు రోడ్డు మీద కనిపించే 800 ఏదైనా పదేళ్లు దాటినదే. 796 సీసీ, మూడు సిలిండర్లు. సిలిండర్‌కు రెండు చొప్పున ఆరు వాల్వులు. ఇంత చిన్న ఇంజన్ కాబట్టి మన పరీక్షకు బాగుంటుంది.

మాస్టారి కారు టిక్‌టిక్‌మంటోంది. మొదటి షెడ్డులో పది సెకన్లు విని, “ఇంజన్ బోరుకొచ్చింది మాస్టారూ, దించాల్సిందే” అన్నారనుకుందాం. ఇంజన్ దించడం, బోర్ చేయించడం, పిస్టన్లు, రింగులు, లేతు పని, గ్యాస్కెట్లు అన్నీ కలిపితే పాత 800 అమ్మితే వచ్చే సొమ్ములో పెద్ద భాగం అక్కడే పోతుంది. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. పది సెకన్లలో మాత్రం తేలదు.

మొదట తేలాల్సింది ఎప్పుడు వస్తోందన్నది. రాత్రంతా నిలిచి చల్లబడ్డ ఇంజన్‌లో వచ్చి, వేడెక్కాక పోయే శబ్దానికి అర్థం ఉంది. పిస్టన్ అల్యూమినియంది, దాని చుట్టూ ఉన్న బోర్ చాలా ఇంజన్లలో పోత ఇనుముది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే అరిగిన బోర్‌లో వదులుగా ఉన్న పిస్టన్ పొద్దున్నే గోడలకు కొట్టుకుని మందంగా చప్పుడు చేస్తుంది. వేడెక్కి ఉబ్బాక ఆ సందు తగ్గి చప్పుడు సద్దుమణుగుతుంది. మొదటి షెడ్డు ఊహించింది దీన్నే. కానీ చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడికి పోయే శబ్దం ఇంకొకటి ఉంది. అది ఇంజన్ లోపలిది కానే కాదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

తర్వాత లయ. ఇది లెక్కలు చెప్పే మాస్టారికి నచ్చే భాగం. ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుంటే సెకనుకు 15 చుట్లు. కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ వేగం అది. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ మాత్రం ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో సరిగ్గా సగం వేగంతో తిరుగుతుంది. కాబట్టి ఒక్క వాల్వు టాపెట్ వదులైతే సెకనుకు ఏడెనిమిది టిక్కులు. శబ్దం క్రాంక్‌తో సమానంగా, అంటే రెట్టింపు తొందరగా వస్తుంటే కింది భాగాల్ని అనుమానించాలి. చెవితో లెక్కపెట్టలేమా? టైమింగ్ లైట్ తగిలిస్తే చాలు. స్పార్క్ ప్లగ్ వైరుకు తగిలించిన ఆ దీపం క్రాంక్ రెండు చుట్లకు ఒకసారి మెరుస్తుంది. ప్రతి మెరుపుకూ ఒక్కో టిక్కు పడితే దోషం పైన వాల్వుల వైపు ఉండే అవకాశమే ఎక్కువ. చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న చిట్కా ఇది. ఇప్పటికీ ఇంతకంటే చవకైన పరీక్ష దొరకడం కష్టం.

టాపెట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర పైనుంచి వచ్చే ప్రతి టిక్కునూ ‘టాపెట్ సౌండ్’ అనేస్తారు. వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య కావాలనే కొద్దిగా సందు వదులుతారు. రెండు మూడు కాగితాలు పేర్చినంత మందం, అంతే. వేడికి వాల్వు కాడ పొడవు పెరుగుతుంది కాబట్టి ఆ పెరుగుదలకు చోటు ఉండాలి. సందు పెరిగితే టిక్‌టిక్ ఎక్కువవుతుంది. ఫీలర్ గేజ్ పెట్టి, కంపెనీ పుస్తకంలో ఆ ఇంజన్‌కు చెప్పిన కొలతకు బిగిస్తే సరిపోతుంది. గంటా రెండు గంటల పని. ఇక్కడ చాలామందికి తట్టని ప్రమాదం ఒకటుంది. సందు పెరిగితే శబ్దం వస్తుంది, తగ్గిపోతే శబ్దం పోతుంది. పూర్తిగా మూసుకుపోయిన టాపెట్ నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు వాల్వు సరిగా మూసుకోక, తన వేడిని సీటు ద్వారా బయటికి పంపలేక కాలిపోతుంది. టాపెట్ సౌండ్ అసలే వినబడొద్దని పట్టుబట్టి మరీ బిగించమనే యజమాని ఇంజన్‌కు మేలు చేయడం లేదు. పాత బుల్లెట్ నడిపినవాళ్లకు, అంబాసిడర్ డ్రైవర్లకు ఈ సంగతి బాగా తెలుసు. సన్నటి టాపెట్ శబ్దం వాళ్లకు చెవికి అలవాటైన తోడు.

ఇక ఎక్కడ? పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను టాపెట్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించుకుని మెకానిక్ కళ్లు మూసుకునే దృశ్యం ఏ ఆటోనగర్‌లోనైనా కనిపిస్తుంది. గాలిలో నాలుగు దిక్కులా కలిసిపోయి వచ్చే శబ్దాన్ని అతను వదిలేసి, ఇనుములోంచి నేరుగా వచ్చేదాన్ని పట్టుకుంటున్నాడు. 1816లో పారిస్‌లో లెన్నెక్ అనే వైద్యుడు కాగితాల్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది అలాగే. ఈ స్క్రూడ్రైవర్‌ది దానికి దగ్గరి చుట్టరికమే. మెకానిక్ కొనను ఒక్కో అంగుళం జరుపుతూ పోతాడు. టిక్కు ఎక్కడ స్పష్టంగా, దగ్గరగా వినిపిస్తే దోషం ఆ చుట్టుపక్కలే. కానీ ఇది అనుభవం లేనివాళ్లు చేసే పని కాదు. చీర కొంగు, చున్నీ, లుంగీ, వదులు చొక్కా తిరిగే బెల్టు దగ్గరికి వెళ్లకూడదు. రేడియేటర్ దగ్గరున్న కరెంటు ఫ్యాను ఇంజన్ ఆపినా వేడికి దానంతట అదే తిరగగలదు.

బయటి శబ్దాల్లో చాలావరకు తేల్చుకోవడం సులువే. బెల్టు కీచుమంటే, దాని లోపలి వైపు కాసిని నీళ్లు చిలకరిస్తే కొంత తెలుస్తుంది. శబ్దం కాసేపు పోయి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవని అనుమానం. నీళ్లతో శబ్దం ఇంకా పెరిగితే బెల్టు వదులైంది. గరగరమంటుంటే డైనమోదో, వాటర్ పంపుదో బేరింగు కావచ్చు. ఫ్యాన్ బెల్టు తీసేసి ఒక్క అరనిమిషం నడిపి చూస్తే సరి. శబ్దం ఆగితే దోషి ఆ బెల్టు తిప్పే వాటిలోనే ఉంది. అంతకంటే ఎక్కువసేపు నడపకూడదు. చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే. క్లచ్ తొక్కినప్పుడే వచ్చే శబ్దం రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో వచ్చి, క్లచ్ తొక్కగానే పోయేది గేర్‌బాక్స్ వైపుది. గతుకుల్లో గలగలమనేది సైలెన్సర్ మీద వదులైన రేకు. గేరు వేసి కదిలేటప్పుడు ధన్‌మంటే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడాలి. వీటిలో ఒక్కదానికీ ఇంజన్ దించనక్కర్లేదు.

దించాల్సిన శబ్దాలూ ఉన్నాయి. వాటి గురించి మెత్తగా చెప్పడం శ్రోతలకు అన్యాయం చేయడమే.

పిస్టన్‌ను క్రాంక్‌తో కలిపే కడ్డీ కనెక్టింగ్ రాడ్. దాని కింది చివర, బిగ్ ఎండ్‌లో, రెండు పలుచటి బేరింగు చిప్పలు ఉంటాయి. చిప్పకూ క్రాంక్‌కూ మధ్య సందు చిన్న కార్లలో సాధారణంగా మిల్లీమీటరులో 20వ వంతు కూడా ఉండదు. ఆ సందులో నిలిచే ఆయిల్ పొరే ఇనుమును ఇనుముకు తగలనీయదు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ఆయిల్ తగ్గినా, పాతబడి పలచనైనా, పంపు అరిగినా ఆ పొర చెదురుతుంది, చిప్పలు అరుగుతాయి, సందు పెరుగుతుంది. అప్పుడు వినిపించేది దడదడ. రేజ్ చేసి కాలు తీసిన ఆ క్షణంలో మరీ స్పష్టంగా ఉంటుంది. ఏ సిలిండర్‌దో తేల్చాలంటే, మెకానిక్ ఒక్కో సిలిండర్ పనిని ఆపి చూస్తాడు. పాత కార్బురేటర్ బండ్లలో ప్లగ్ వైరు తీసేవారు, ఇంజెక్టర్లున్న వాటిలో ఇంజెక్టర్ సాకెట్ తీస్తే మేలు, షాకు తగలదు, పెట్రోలు కాలకుండా సైలెన్సర్‌లోకి పోదు. ఏ సిలిండర్ ఆపితే దడదడ తగ్గుతుందో దోషం అందులో ఉంది. పేలుడు దెబ్బ పడడం ఆగింది కాబట్టి చప్పుడు మెత్తబడింది. టాపెట్ శబ్దం మాత్రం ఇలా చేస్తే తగ్గదు. దానికి పేలుడు బరువుతో పని లేదు.

దడదడతో పాటు డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే, ‘ఇంటిదాకా మెల్లగా పోదాం’ అనుకోకూడదు. రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి, బండిని కట్టి లాక్కెళ్లాలి. మిగిలిన నాలుగు కిలోమీటర్లలో రాడ్డు విరిగి బ్లాకు గోడ పగిలితే, చిప్పల ఖర్చుతో పోయేది కొత్త ఇంజన్ ఖర్చవుతుంది.

ఇంకో శబ్దం ఉంది. దాని చరిత్ర ప్రపంచమంతటి గాలిని తాకింది. అరకు వెళ్లే అనంతగిరి ఘాట్‌లో నిండా జనంతో, మూడో గేరులో ఉండాల్సిన చోట నాలుగో గేరులో బలవంతంగా ఎక్కిస్తుంటే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వినిపిస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. అక్కడ ఏ ముక్కా వదులు కాలేదు. సిలిండర్ గోడల్ని కొడుతున్నది లోపల పేలిన పెట్రోలు మిశ్రమపు ఒత్తిడి అలలే.

ఈ శబ్దం విషయంలో మొదట దోషిగా నిలబెట్టింది తప్పు భాగాన్ని. 1912 క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ కరెంటు సెల్ఫ్ స్టార్టర్, బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ అమర్చాడు. ఇంజన్లు నాక్ కొడుతుంటే తప్పంతా ఆ ఇగ్నిషన్‌దే అన్నారు. కెటరింగ్ ఒప్పుకోలేదు. డేటన్‌లోని తన ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ అనే యువ ఇంజనీరుకు ఆ సమస్య అప్పగించాడు. సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచి చూస్తే, ప్లగ్ మెరిశాక మంట పాకుతుండగా, ఇంకా అంటుకోని మిగతా మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలుతోందని తేలింది. ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనానిదే తప్పు. ఇక మందు వెతకాలి. మంచులోనే ముందుగా పూసే ఒక అడవి మొక్క ఎర్రటి ఆకులు గుర్తొచ్చి, ఎరుపు రంగు వేడిని పీల్చుకుంటుందేమోనని, పెట్రోలుకు ఎర్ర రంగు వేయబోయారు. రంగు దొరకక 1916 డిసెంబరులో అయోడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! తర్వాత అసలు ఎర్ర రంగులు తెచ్చి కలిపితే ఏమీ జరగలేదు. పని చేసింది ఎరుపు కాదు, అయోడినే. కారణం తప్పు, ఫలితం ఒప్పు. అలా ఒక్కొక్కటే పరీక్షిస్తూ 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ సీసం దగ్గరికి చేరారు. చిటికెడు కలిపితే శబ్దం మాయం.

ఆ చిటికెడు సీసం మనుషుల నెత్తురులోకి, పిల్లల మెదళ్లలోకి చేరింది. దాన్ని తయారుచేస్తూ 1924లోనే న్యూజెర్సీ కర్మాగారంలో కార్మికులు చనిపోయారు. అయినా వ్యాపారం ఎక్కువ కాలం ఆగలేదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరిలో ముగిసింది. చివరి దేశం అల్జీరియా 2021 జూలైలో ఆపింది. ఒక శబ్దాన్ని సరిగ్గా విని, కారణాన్ని సరిగ్గా పట్టుకుని, మందు విషయంలో ఇంత ఘోరంగా తప్పటం మామూలు సంగతి కాదు. సీసం పోయాక వెనకటి పోత ఇనుప హెడ్లున్న ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు త్వరగా అరగడం మొదలైంది. సీటు అరిగితే వాల్వు పైకి జరుగుతుంది, టాపెట్ సందు మూసుకుంటుంది, ఇంజన్ నిశ్శబ్దమవుతుంది. ఇందాక చెప్పుకున్న ఆ ప్రమాదకరమైన నిశ్శబ్దమే. కొత్త కార్లకు ఇప్పుడు సొంత చెవి ఉంది. ఇంజన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ సెకనుకు సుమారు 6000 ప్రకంపనల దగ్గర ఆ గులకరాళ్ల మోతను విని, మంట సమయాన్ని దానంతటదే వెనక్కి జరుపుతుంది. ఆ చెవి లేని పాత బండిలో నడిపేవాళ్లే విని గేరు మార్చాలి.

మళ్లీ కాకినాడ మాస్టారి దగ్గరికి వద్దాం. ఆయన రెండో మెకానిక్ దగ్గరికి వెళ్లారు. “బండి రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి మాస్టారూ, పొద్దున చల్లగా ఉన్నప్పుడు వినాలి” అన్నాడతను. ఆ ఒక్క మాటతోనే అతను పనివాడని తెలిసిపోతుంది. చాలామంది వేడి ఇంజన్‌తో షెడ్డుకు చేరతారు, శబ్దం అప్పటికే పోయి ఉంటుంది. ఫోనులో రికార్డు చేసి పంపితే కొంత మేలే కానీ, మాటలు బాగా వినబడేలా చేసిన ఫోన్లు మిగతా చప్పుళ్లను చాలావరకు అణిచేస్తాయి. దడదడ కూడా ఫోనులో టిక్‌టిక్‌లా వినిపించగలదు.

పొద్దున సెల్ఫ్ కొట్టారు. టిక్‌టిక్ మొదలైంది. లైటు తగిలిస్తే మెరుపుకో టిక్కు. సగం వేగం, కాబట్టి పైభాగమే. టాపెట్ కవర్ మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తే శబ్దం మందంగా, దూరంగా ఉంది. టాపెట్ కాదన్నమాట. కొన జరుపుతూ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరికి వస్తే టిక్కు పదునెక్కింది. హెడ్డుకూ మానిఫోల్డుకూ మధ్య అతుకు దగ్గర, రెండో సిలిండర్ పక్కన, చిటికెన వేలంత నల్లటి మసి మరక. అక్కడ గ్యాస్కెట్ కాలిపోయి, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ పొగ ఆ సందులోంచి తన్నుకొస్తోంది. వాల్వు క్రాంక్ రెండు చుట్లకు ఒకసారే తెరుచుకుంటుంది కాబట్టి అది అచ్చం టాపెట్ లయే. ఇనుము వేడెక్కి ఉబ్బగానే సందు మూసుకుని శబ్దం పోతోంది. చలికి వచ్చి వేడికి పోయే రెండో శబ్దమని ఇందాక అన్నది దీన్నే. బోర్ బాగానే ఉంది. మార్చాల్సింది ఒక గ్యాస్కెట్, తుప్పు పట్టిన రెండు నట్లు. మాస్టారు ఇంటి దగ్గర తలుపులు మూసిన షెడ్డులో ఇన్నాళ్లూ ఇంజన్ వేడి చేస్తూ వచ్చారు. ఆ సందులోంచి వచ్చేది విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కాబట్టి, గ్యాస్కెట్ మారేదాకా బండిని ఆరుబయటే స్టార్ట్ చేయమని మెకానిక్ గట్టిగా చెప్పాడు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. మర్నాడు తెల్లవారి మాస్టారు సెల్ఫ్ కొట్టి, బోనెట్ ఎత్తి నిలబడ్డారు. టిక్‌టిక్ లేదు. మూడు సిలిండర్లు సర్దుకుని నడుస్తున్నాయి, సన్నగా టాపెట్ల సవ్వడి ఉంది, అది ఉండాల్సిందే. ఇంకాసేపు చెవి పెట్టి వింటే, ఇన్నాళ్లూ ఆ టిక్‌టిక్ చాటున దాగి ఉన్న చిన్న కిచకిచ ఒకటి ఫ్యాన్ బెల్టు వైపు నుంచి వినిపించింది. మాస్టారు పంచె పైకి దోపుకుని, నీళ్ల సీసా తేవడానికి లోపలికి వెళ్లారు.